పాలతో తడిసిన రవిక

వేముల మండలంలో మా పెద్దమ్మ ఉండే ఊళ్ళో ఎవరి మందలోనైనా గొర్రె చనిపోయి పిల్ల మిగిలితే, దాన్ని సంచిలో వేసుకుని ఆమె దగ్గరికే తెస్తారు. ఆమె పేరు లక్ష్మీదేవమ్మ, మా అమ్మకు అక్క. పిల్లను పోగొట్టుకున్న తల్లి గొర్రె ఎవరి దొడ్డిలో ఉందో ఆమెకు తెలిసే ఉంటుంది. చచ్చిన పిల్ల తోలు ఒలిపించి, తల్లిలేని పిల్లకు చొక్కాలా తొడిగి, రెండింటినీ ఒక మూల కట్టేస్తుంది. గొర్రె ముక్కు దగ్గర పెట్టి వాసన చూస్తుంది. తన బిడ్డ వాసనే. కాసేపటికి పొదుగు ఇస్తుంది.

గొర్రె బిడ్డను కంటితో గుర్తుపట్టదని, ముక్కుతోనే గుర్తుపడుతుందని పెద్దమ్మ చెబుతుంది. ఈనిన కొత్తలో ఒక్కరోజు వేరు చేస్తే చాలు, కన్నతల్లే పిల్లను తలతో కుమ్మి తరిమేస్తుందట. అట్లా తరిమేసిన పిల్లలు దొడ్డి గోడకు ఆనుకుని ఆకలితో చావడం ఆమె చిన్నప్పటి నుంచి చూసింది. తర్వాత జరిగిందంతా ఈ ఒక్క ఎరుక మీదనే జరిగింది కాబట్టి ముందే చెబుతున్నాను.

పెద్దమ్మ పిరికిది కాదు. మా పెదనాన్న వెంకటేశు మందతో పెద్దముడియం వైపు కోత అయిన చేలకు వెళితే వారాల తరబడి రాడు. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుంది. మేతలో తాచుపాము కనిపిస్తే కర్రతో పక్కకు తోసి, పని పూర్తిచేసుకుని వస్తుంది. ఆమె భయపడేది ఒక్కదానికే. వాళ్ళ పొలాలకు కొంత దూరంలో యురేనియం గని ఉంది. దానివల్ల ఏమన్నా అవుతుందో, ఏమీ కాదో ఆమెకు తెలియదు. ఊళ్ళో ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకొకటి చెబుతారు. కనిపించేదైతే కర్ర తీసుకోవచ్చు, వాసన ఉంటే గొర్రెలైనా పసిగడతాయి. ఇది దేనికీ అందదు. అందుకే ఆ దిక్కు వంకలో నీళ్ళు ఆమె మందకు తాపనివ్వదు.

పెద్దమ్మ కూతురు రజనిని జమ్మలమడుగులో అద్దె జీపు నడిపే జయచంద్రకు ఇచ్చారు. కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పాపకు మూడో నెల నడుస్తుండగా రజనికి చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది. తిండి బాగానే తింటున్నా మనిషి చిక్కిపోయింది. పెద్దమ్మ ముందు దిష్టి తీసింది. తగ్గకపోతే తల్లీబిడ్డలను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చింది.

డాక్టరమ్మ రజని గొంతు తడిమి, రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ గ్రంథి సంగతి చెప్పింది. ఆ గ్రంథి మితిమీరి పనిచేస్తూ ఉండవచ్చు. లేదంటే కాన్పు తర్వాత వాచి, లోపల నిల్వ ఉన్న హార్మోను రక్తంలోకి కారిపోతూ ఉండవచ్చు. మొదటిదైతే చాలా కాలం మందులు వాడాలి, రెండోదైతే దానంతటదే తగ్గుతుంది. ఏదన్నదీ రక్తంలో తేలలేదు. కర్నూలు పోయి సూది వేయించుకుని స్కాన్ తీయించుకోవాలి. సూది వేసిన తర్వాత ఒక పగలూ ఒక రాత్రీ బిడ్డకు పాలివ్వకూడదు.

పెద్దమ్మకు ఈ చివరి మాటే వినిపించింది. బంగారు అంగళ్ళ వీధిలో నడుస్తూ నన్ను అడిగింది.

"ఆ సూదిలో ఏముంటాది పాపా?"

నేను ఫోనులో చూసి, అణుధార్మికత ఉండే ఒక లోహమని చెప్పాను. ఆమె వీధి మధ్యలో నిలబడిపోయింది. వెనకాల ఆటో హారన్ కొడుతున్నా కదల్లేదు.

"మా గనిలో తీసేదేనా?"

"కాదు పెద్దమ్మా. ఇది భూమిలో తవ్వితే దొరికేది కాదు. మనుషులే చేస్తారు."

ఆ జవాబుతో ఆమెకు ధైర్యం వస్తుందనుకున్నాను. ఆమె పాపను ఇంకా దగ్గరికి పొదువుకుంది. "రాయైతే దేవుడు యాడో ఒకచోట పెట్టింటాడు, దాని జాగాలో అది ఉంటాది. దేవుడు పెట్టంది ఇంగ యాడ నిలుస్తాది?" అంది.

ఇంటికి వెళ్ళాక నేను దాని గురించి వెతికి చదివాను. పేరు టెక్నీషియం. మూలకాల పట్టికలో నలభై మూడో గడి చాలా కాలం ఖాళీగా ఉండిపోయింది. దాని అటూ ఇటూ ఉన్నవి దొరికాయి గానీ ఇది దొరకలేదు. దొరికిందని చెప్పినవాళ్ళ మాట నిలబడలేదు. కారణం, ఆ లోహమే నిలబడేది కాదు. దాని ఏ రూపమూ స్థిరంగా ఉండదు. భూమి పుట్టినప్పుడు ఉన్నదంతా ఎన్నో యుగాల కిందటే విచ్ఛిన్నమై వేరే మూలకాలుగా మారిపోయింది. చివరికి అమెరికాలో ఒక యంత్రంలో కణాల దెబ్బలు తిన్న మాలిబ్డినం రేకును ఇటలీకి పంపితే, 1937లో అక్కడి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ రేకులో దీన్ని పట్టుకున్నారు. మనిషి చేతిలో పుట్టిన మొదటి మూలకం ఇదే. చేసినది అని అర్థం వచ్చే గ్రీకు మాటనే దానికి పేరుగా పెట్టారు. ఇదంతా చదివితే భయం తగ్గాలి. నాకు మాత్రం పెద్దమ్మ అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది.

కర్నూలుకు రజని, జయచంద్ర, నేను వెళ్ళాం. పాపను ఊళ్ళో పెద్దమ్మ దగ్గర ఉంచాం. స్కాన్ గదిలో పనిచేసే అతని పేరు అన్సర్. గడ్డం నెరుస్తున్న నెమ్మదైన మనిషి. రజని చేతులు వణకడం చూసి, జబ్బుతోనా భయంతోనా అని అడిగాడు. రెండూ అంది రజని. అప్పుడు అతను కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ దగ్గర సీసపు గోడలున్న చిన్న కుండ ఉంటుంది. లోపల మాలిబ్డినం. అది కొంచెం కొంచెంగా టెక్నీషియంగా మారుతూ ఉంటుంది. పొద్దున్నే ఉప్పునీళ్ళు పంపితే టెక్నీషియం మాత్రం ఆ నీళ్ళలో కలిసి బయటికి వస్తుంది. మరుసటి పొద్దుకు మళ్ళీ ఊరుతుంది.

"మేము దాన్ని ఆవు అంటామమ్మా. దినామూ పొద్దున్నే పితుకుతాం," అన్నాడు నవ్వించబోతూ.

రజని నవ్వలేదు. ఆ మాట వినగానే పైట సర్దుకుంది.

ఆరు గంటలకు అందులో సగం పోతుందని, ఇంకో ఆరు గంటలకు మిగిలిన సగంలో సగం పోతుందని అన్సర్ చెప్పాడు. అందుకే మనిషి ఒంట్లోకి ఎక్కించడానికి దీన్ని ఎంచుకున్నారట. అది పంపే కిరణాలు బయట ఉన్న కెమెరాకు అందుతాయి, పని కాగానే అదే అణిగిపోతుంది.

"అట్లయితే ఎప్పటికీ ఎంతో కొంత మిగుల్తానే ఉంటాది కదన్నా," అన్నాడు జయచంద్ర.

"లెక్కలో మిగుల్తాదప్పా. ఒంట్లో మిగల్దు," అన్నాడు అన్సర్.

సూది వేసి, స్కాన్ తీశాక జాగ్రత్తలు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నీళ్ళు బాగా తాగాలి. రేపు మధ్యాహ్నం దాకా పాలు పిండి పారబోయాలి. పాపను ఒళ్ళోకి తీసుకోకూడదు. పాలు కారిన బట్టలు వేరుగా ఉంచి రేపు ఉతకాలి. డాక్టరు చూశాక స్కాన్ సంగతి చెబుతానని, ఈలోగా ఏదన్నా అనుమానం వస్తే ఫోను చేయమని తన నంబరు ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో జమ్మలమడుగు బస్టాండులో జయచంద్ర దిగిపోయాడు. మేం పులివెందుల బస్సు ఎక్కాం. ఒక ఆమె చంకలో బిడ్డతో వచ్చి రజని పక్కన కూర్చుంది. బిడ్డ రజని గాజులు పట్టుకోబోయాడు. రజని చటాక్కున లేచి నిలబడింది. కూర్చోమ్మా, చోటుంది కదా అని ఆమె ఎంత చెప్పినా వినకుండా ముద్దనూరు దాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. పాలు నిండి రవిక తడిసిపోయింది. పైటతో కప్పుకుంటూ, బస్సులో ఎంతమంది పిల్లలున్నారో వెతుక్కుంటూ నిలబడింది.

ఊరు చేరేసరికి పొద్దు వాలింది. రజనికి ఇంటి వెనక మేత కొట్టంలో మంచం వేసి ఉంచింది పెద్దమ్మ. నేను తోడున్నాను. ఇంట్లోంచి పాప ఏడుపు వినిపిస్తోంది. డబ్బా పాలు పడితే బయటికి ఊంచేస్తోందట. రజని స్నానం చేసి చీర మార్చుకుని, చెంబులోకి పాలు పిండింది. మామూలుగా చనుబాలు ఎవరూ తొక్కని చోట, ఏదైనా మొక్క మొదట్లో పోస్తారు. పెద్దమ్మ ఏ మొక్క దగ్గరా పోయనివ్వలేదు. దాని ఆకు గొర్రె తింటే, ఆ గొర్రె పాలు పిల్ల తాగితే అంటూ, గొర్రెలు పోని చోట తానే గుంత తవ్వి, పాలు పోసి, మట్టి కప్పి, పైన బండ పెట్టింది. అంత జాగ్రత్తపరురాలు.

ఆ తర్వాత కొట్టం గుమ్మం దగ్గరికి వచ్చి, విడిచిన రవిక ఇట్లా వెయ్యమంది. వేరే బకెట్లో పెట్టమని నేను చెప్పాను. తల ఊపి తీసుకుపోయింది.

కాసేపటికి పాప ఏడుపు ఆగింది.

రజని మొదట ఊపిరి పీల్చుకుంది. తర్వాత లేచి కూర్చుంది. "ఎందుకు ఆగింది?" అంది. నిద్రపోయి ఉంటుందన్నాను. "అది నిద్రపోయే ముందు ఇంత తటాలున ఆగదు. పోయి చూడు," అంది.

నేను ఇంట్లోకి వెళ్ళాను. పెద్దమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాళ్ళ మీద పాప. పాప చెంప కింద ఆకుపచ్చ రవిక మడిచి పెట్టి ఉంది. దాని కొస పాప నోట్లో ఉంది. చప్పరిస్తోంది.

"పెద్దమ్మా, అది ఏ రవిక?"

"రజనిదే," అంది ఆమె. ఆమె ముఖంలో రెండు రోజులుగా చూడని నెమ్మది కనిపించింది. "తల్లి వాసన మర్సిపోతే రేపు రొమ్ము పట్టదు. ఇది పెట్టినానో లేదో, చూడు, ఎట్ల నిమ్మళించిందో."

నేను ఒక్క అంగలో వెళ్ళి గుడ్డ లాగేశాను. పాప కెవ్వుమంది.  నేను చెప్పాల్సిన పని లేకపోయింది. పెద్దమ్మ నా ముఖం చూసింది, చేతిలోని గుడ్డను చూసింది. ఆమె ముఖంలోని రంగంతా దిగిపోయింది.

వెనక గుమ్మంలో రజని నిలబడి ఉంది. గడప దాటి లోపలికి రావడానికి ఆమెకు ధైర్యం లేదు. బిడ్డ అంత గట్టిగా ఏడుస్తుంటే రెండు చేతులతో తలుపు చెక్క పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"చెప్పినారు కదమా," అంది. "అన్నీ చెప్పినారు కదా."

"పాలు తాపొద్దన్నారు," అంది పెద్దమ్మ.  "గుడ్డ పెట్టొద్దని ఎవురూ చెప్పలే."

నేను తడిగుడ్డతో పాప నోరు తుడిచాను. పెద్దమ్మ తన చేతులను సబ్బుతో, బూడిదతో, మళ్ళీ సబ్బుతో కడుక్కుంది. అన్సర్‌కు ఫోను చేశాను. జరిగింది చెప్పాను.  రవిక ఎప్పుడు తడిసింది, ఎంత తడిసింది, పాప ఎంతసేపు చప్పరించింది అని ఒక్కొక్కటే అడిగి, డాక్టరుతో మాట్లాడి మళ్ళీ చేస్తానన్నాడు.

ఫోను కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. పెద్దమ్మ దీపం దగ్గరికి జరిగి పాప నాలుక చూసింది, గోళ్ళు చూసింది, అరికాళ్ళు చూసింది. పైకి ఏమన్నా తెలుస్తుందా అని అడిగింది. తెలియదన్నాను. లోపల మంట పుడుతుందా అంటే, పుట్టదన్నాను. అట్లయితే బిడ్డకు ఏమన్నా అవుతున్నదని తల్లికి ఎట్లా తెలుస్తుందని అడిగింది.  తర్వాత మళ్ళీ అడిగింది.

"నిజం చెప్పు పాపా. మా గని రాయికీ దీనికీ ఏమీ లేదా?"

తవ్వితే దొరకదని నేను చెప్పింది నిజమే. కానీ ఆ తర్వాత చదివింది కూడా ఉంది. సీసపు కుండలో పెట్టే మాలిబ్డినాన్ని ఎక్కువగా రియాక్టర్లలో యురేనియాన్ని చీల్చి తయారుచేస్తారు. అంతేకాదు, యురేనియం రాయిలో పరమాణువులు వాటంతటవే చీలుతూ ఉంటాయి కాబట్టి, ఆ రాయిలో లవలేశమంత టెక్నీషియం పుడుతూ పోతూ ఉంటుంది. తీసి చూపలేనంత తక్కువ. ఆమె నిజం అడిగింది కాబట్టి చెప్పాను.

"అయితే మాకు చుట్టమే," అంది పెద్దమ్మ. 

ఫోను మోగింది. గుడ్డ ద్వారా పాప లోపలికి వెళ్ళింది చాలా తక్కువే అయి ఉంటుందని డాక్టరు చెప్పారట. అందులోనూ సగం దాకా దారిలోనే పోయి ఉంటుంది. మందేమీ అక్కర్లేదు. పాప ఉచ్చపోసిన గుడ్డలు త్వరత్వరగా మార్చాలి, మార్చినప్పుడల్లా చేతులు కడుక్కోవాలి. భయపడాల్సినంత లేదు. చివర్లో అన్సర్ స్కాన్ సంగతి కూడా చెప్పాడు. గ్రంథి మితిమీరి పనిచేయడం లేదు, వాపే. నెలల్లో దానంతటదే తగ్గుతుంది. ఏ కబురు కోసం అంత దూరం వెళ్ళామో ఆ కబురు వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు.

"భయపడాల్సినంత లేదన్నాడు," అంది రజని గుమ్మంలోంచి. "అసలు లేదని అనలే."

మరుసటి రోజు మధ్యాహ్నం గడువు దాటింది. రజని ఇంట్లోకి వచ్చింది గానీ పాపను తాకలేదు. పాప తెల్లవారినప్పటి నుంచి చెంచాతో పట్టిన డబ్బా పాలు కొన్ని మింగి, ఎక్కువ ఊంచి, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురు పోయింది. రజని రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరం తగిలింది. ఇంకో రోజు ఆగుతానంది. జయచంద్ర ఫోనులో, ఆస్పత్రివాళ్ళే ఇవ్వమన్నాక నీకేంది అని కోప్పడ్డాడు. నువ్వు వచ్చి ఇయ్యి అని ఫోను పెట్టేసింది.

నేను మళ్ళీ అన్సర్‌కు చేశాను. ఈసారి పెద్దమ్మ ఫోను తన చేతికి తీసుకుంది.

"అప్పా, నీ బిడ్డైతే ఇప్పిస్తావా?"

"ఇప్పిస్తానమ్మా."

"ఇంగ రొంతసేపు ఆగి ఇప్పిస్తావా, ఇప్పుడే ఇప్పిస్తావా?"

"ఇప్పుడే ఇప్పిస్తా. ఆగేకొద్దీ నీ కూతురికి పాలు గడ్డకడతాయి. బిడ్డ అలవాటు తప్పుతాది."

పెద్దమ్మ ఫోను నాకిచ్చేసి రజని ఎదురుగా కూర్చుంది. ఇంట్లో ఏ పనికైనా ఇట్లా చెయ్యి అని చెప్పే మనిషి, ఆ ఒక్క మాట చెప్పలేక కూర్చుంది. ముందు రోజు వరకైతే చెప్పి ఉండేది. చివరికి రజనే అడిగింది.

"నువ్వు ఇయ్యమంటే ఇస్తా మా. చెప్పు."

పెద్దమ్మ లేచి, గూట్లోంచి ఉగ్గిన్నె తెచ్చింది. అందులోకి పాలు పిండమంది. రజని అర్థం కాక పిండింది. పెద్దమ్మ ఉగ్గిన్నె పైకెత్తి, లోపలికి చూసి, ఒక్క గుక్కలో తాగేసింది.

"పిచ్చా నీకు?" అంది రజని. "నువ్వు తాగితే ఏం తెలుస్తాది?"

"ఏమీ తెలీదు," అంది పెద్దమ్మ మూతి తుడుచుకుంటూ. "బిడ్డను నీళ్ళలోకి పంపి నేను గట్టున నిలబడలేను. అంతే."

గోడకు ఆనుకుని కూర్చుని చాలాసేపు తన లోపలి మాట వింటున్నట్టు కళ్ళు మూసుకుంది. మేం ఆమెనే చూస్తున్నాం. ఆమెకు ఏమీ కాదని నాకు తెలుసు. అయినా నేను కూడా చూస్తూనే ఉన్నాను. కళ్ళు తెరిచి, పాపను రెండు చేతులా ఎత్తి రజని ఒళ్ళో పెట్టింది.

పాప మొహం తిప్పుకుంది. రజని రొమ్ము అందించింది. మళ్ళీ తిప్పుకుంది, కాళ్ళు తన్నింది, బొంగురు గొంతుతో ఏడ్చింది.  పెద్దమ్మ రజని వెనక కూర్చుని, కూతురి వీపును తన ఎదకు ఆనించుకుని, వణుకుతున్న ఆ మోచేతి కింద తన చెయ్యి పెట్టి పాప తలను ఎత్తి పట్టింది.  నాలుగు చుక్కలు పాప పెదవుల మీద పడ్డాయి. పాప ఏడుపు ఆపి నాకింది. తర్వాత పట్టుకుంది.

రజని కళ్ళు గట్టిగా మూసుకుంది. పాప ఆత్రంగా తాగుతోంది. పెద్దమ్మ మాత్రం కళ్ళు మూయలేదు. పాప గొంతు వంకే చూస్తూ, అది గుటక వేసినప్పుడల్లా తానూ ఒక గుటక మింగుతూ, చెయ్యి కదిలించకుండా అట్లాగే కూర్చుంది.